మొదటి కొలువు, మొదటి సాక్ష్యము

ధ్యాన భాగములు: నిర్గమకాండము 1:15-21, అపొస్తలుల కార్యములు 9:26-28



గత వేసవిలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, మన సంఘస్థుడొకడు తన కుమార్తెను వెంటబెట్టుకొని, పాస్టరేటు కమిటీవారమైన మేము కూర్చున్న చోటికి వచ్చెను. ఆయన రెండెకరములు కౌలుకు చేసికొని బ్రదుకువాడు. కుమార్తె పట్టణములో మూడేండ్లు నర్సు చదువు, అనగా జి.ఎన్.ఎం. చదివి, పరీక్షలలో కృతార్థురాలై, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొన్నది. చదువు ముగించి ఇంటికి వచ్చి అప్పటికి పదునాలుగు నెలలు. ఆ కాలములో ఆమె 11 ఆసుపత్రుల మెట్లెక్కినది. ప్రతిచోట మొదటి ప్రశ్న ఒక్కటే: "అనుభవం ఎన్నేళ్లమ్మా?" లేదని చెప్పగానే, "ఫోను చేస్తాం, వెళ్లిరా" అని పంపివేసిరి. ఫోను రాలేదు.

తండ్రి చేతులు కట్టుకొని మాతో ఇట్లనెను: "అయ్యగారూ, పని చేయందే అనుభవం రాదంటారు. అనుభవం లేందే పని ఇవ్వమంటారు. ఈ రెండు రాళ్ల మధ్య మా పిల్ల నలిగిపోతున్నది. పట్నంలో ఒకాయన ఉన్నాడు. పదిహేను వేలు ఇస్తే, ఒక ఆసుపత్రిలో ఏడాది పని చేసినట్టు ముద్ర వేసి కాగితం ఇప్పిస్తాడట. నేను తీసుకోమన్నాను. మిమ్మల్ని అడగందే తీసుకోనని పిల్ల మొండికేసింది. మీరే చెప్పండి."

మేము చెప్పితిమి. చెప్పుటకు అయిదు నిమిషములైనను పట్టలేదు. అబద్ధ సాక్ష్యము పలుకరాదని తొమ్మిదవ ఆజ్ఞ మనకు కంఠస్థమే గదా! "వద్దమ్మా, అది పాపము. ప్రభువు మరియొక ద్వారము తెరచును" అని ఆశీర్వదించి పంపితిమి. ఆ అమ్మాయి తల వంచి, "సరేనండి" అని వెళ్లిపోయినది. అయితే గుమ్మమునొద్ద కూర్చున్న ఆమె నాయనమ్మ మాత్రము లేచి నిలువబడి, "వద్దన్నారు, సరే నాయనా. మరి బిడ్డ ఏం చేయాలి?" అని అడిగెను.

మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. ఆ ముసలితల్లి ప్రశ్ననుబట్టియే ఈ నెల మేమీ మాటలు వ్రాయుచున్నాము. ఇట్టి ప్రశ్న మీ సంఘములోను లేచియుండవచ్చును. లేవనియెడల రేపు లేచును. ఏలయనగా మన పల్లెలలో ఏ క్రైస్తవ కుటుంబమును చూచినను, ఒక బిడ్డయైనను నర్సు చదువు చదువుచున్నది, లేక చదువగోరుచున్నది.

తరువాతి వారము కమిటీ కూడినప్పుడు మేమీ సంగతి మరల ఎత్తితిమి. మాలో అందరి మనస్సు ఒక్కటిగా లేదు. ఉపాధ్యాయుడైన ఒక సహోదరుడు ఇట్లనెను: "మూడేండ్లు ఆ పిల్ల వార్డులలో పని చేయలేదా? రాత్రి డ్యూటీలు చేయలేదా? ప్రసవములు చూడలేదా? పని నిజము, నేర్పు నిజము, కాగితములో ఆసుపత్రి పేరొక్కటే అబద్ధము. న్యాయము లేని తలుపును తెరచుటకు చిన్న తాళపుచెవి వాడినచో అంత పాపమా?" ఇంకొక సహోదరుడు పరిశుద్ధ గ్రంథమునే తెరచెను. "ఐగుప్తులో షిఫ్రా, పూయా అను మంత్రసానులున్నారు గదా. వారు ఫరోతో నిజము చెప్పలేదు. అయినను దేవుడు వారికి మేలు చేసెనని నిర్గమకాండము మొదటి అధ్యాయములోనే ఉన్నది. వైద్యసేవ చేయు స్త్రీలను గూర్చి గ్రంథములో కనబడు తొలి మాటలలోనే ఈ సంగతి ఉండగా, మనము ఈ పిల్లను ఎట్లు తప్పుపట్టగలము?"

సహోదరులారా, ఈ మాటలను తేలికగా తోసివేయరాదు. గ్రంథములోని కష్టమైన చోట్లను దాటవేసి సులభమైన చోట్ల మాత్రమే బోధించుట మంచి కాపరి పని కాదు. కాబట్టి ఆ మంత్రసానుల చరిత్రను మేము నెమ్మదిగా చదివి చూచితిమి. వారు చెప్పిన మాటవలన కాపాడబడినదెవరు? వారి చేతులలో పడిన పసిబిడ్డలు. ఆ మాటవలన అపాయము ఎవరికి? మంత్రసానులకే. రాజు ఆగ్రహించినయెడల పోవునవి వారి ప్రాణములే. అనగా తమ కాపుదలలో ఉన్న బలహీనుల అపాయమును వారు తమ మీదికి తీసికొనిరి. ఇప్పుడు ఈ కాగితమును ఆ ప్రక్కన పెట్టి చూడుడి. దీనివలన లాభము ఎవరికి? కాగితము పట్టుకొన్నవారికి. అపాయము ఎవరికి? మంచము మీద పండుకొన్న రోగికి. పైకి రెండును అబద్ధములుగానే అగపడును. అయినను ఒకటి బలహీనుని కొరకు బలవంతుని యెదుట చెప్పినది. రెండవది బలవంతుని మెప్పించుటకై, బలహీనుని మీద భారము మోపి చెప్పినది. మంత్రసానులను సాక్షులుగా పిలిచినయెడల, వారు రోగి పక్షముననే సాక్ష్యమిత్తురని మాకు తోచినది.

"రోగికి అపాయమేమి? చదివిన పిల్లయే గదా" అని మీరడుగవచ్చును. ఈ సంగతి మాకును తెలియదు. గనుక మన సంఘములో ముప్పది యేండ్లకు పైగా వార్డులలో పనిచేసి విశ్రాంతిలో ఉన్న నర్సమ్మగారిని కమిటీకి పిలిపించి అడిగితిమి. ఆమె చెప్పినది మా మాటలలో వ్రాయుచున్నాము.

చక్కెర వ్యాధికి ఇచ్చు ఇన్సులిన్ మందు మన దేశములో రెండు బలములలో దొరకును. ఒక సీసాలో మిల్లీలీటరునకు 40 యూనిట్లు, మరియొక సీసాలో 100 యూనిట్లు ఉండును. మొదటిదానికి ఎర్ర మూత గల సిరంజి, రెండవదానికి నారింజ రంగు మూత గల సిరంజి వాడవలెను. 100 యూనిట్ల మందును తొందరలో 40 యూనిట్ల సిరంజితో తీసినచో, గీత సరిగానే కనబడును గాని రోగి దేహములోనికి రెండున్నర రెట్లు మందు పోవును. పొటాషియం క్లోరైడు అను సూదిమందు ఒకటి కలదు. దానిని సెలైన్ సీసాలో కలిపి మెల్లగా ఎక్కింపవలెను. కలుపక నేరుగా నరములోనికి వేసినచో గుండె ఆగిపోవును. ఇవన్నియు బడిలో చెప్పుదురు. ప్రతి విద్యార్థినియు పరీక్షలో వ్రాయును. కాని అర్ధరాత్రి రెండు గంటలకు, ముప్పదిమంది రోగులున్న వార్డులో, ఒకరు వాంతి చేసికొనుచుండగా, మరియొకరి బంధువు కేకలు వేయుచుండగా, చేతిలోనున్న సీసాను మరల ఒకసారి చదువుట పుస్తకము వలన రాదు. ప్రక్కనున్న పెద్ద నర్సును చూచి చూచి నేర్చుకొనవలెను.

అంతట నర్సమ్మగారు ఒక మాట చెప్పిరి. అది మా హృదయములలో నాటుకొన్నది. "అయ్యా, నా మొదటి యేడు రోజుకు పదిసార్లు అడిగేదాన్ని. 'అక్కా, ఇది సరేనా? అక్కా, ఒక్కసారి చూస్తావా?' అని. ఎవరూ నవ్వలేదు, కొత్తపిల్ల అడుగుతుంది అని అందరికీ తెలుసు. ఏడాది అనుభవం ఉందని కాగితం చూపించి చేరిన పిల్ల ఎట్లా అడుగుతుంది? అడిగితే దొరికిపోతుంది. అడగకపోతే రోగి పోతాడు."

చూచితిరా! అడుగుటయే కొత్తవారికున్న కాపుదల. అబద్ధపు కాగితము ముందు ఆ కాపుదలనే దోచుకొనును. కొత్తపిల్ల అని తెలిసియున్నచో ఆమెను పెద్దవారి ప్రక్కన నిలువబెట్టుదురు. అనుభవము కలదని నమ్మినచో ఆ రాత్రే వార్డంతయు ఒంటరిగా అప్పగింతురు. కాగితము ఆమెకు తలుపు తెరచును గాని, లోపలికి పోయిన పిమ్మట నోరు మూయించును. ఆమె తెలియదని చెప్పలేదు, తప్పు జరిగినచో ఒప్పుకొనలేదు. మొదటి అబద్ధమును కాపాడుటకు ప్రతి దినమును మరియొకటి చెప్పవలసివచ్చును. గల్ఫు దేశములకు పోగోరు బిడ్డలు ఇంకొక సంగతియు తెలిసికొనవలెను. అక్కడి అధికారులు అనుభవ పత్రమును చూచి ఊరకుండరు. దానిని ఇచ్చిన ఆసుపత్రినే నేరుగా విచారింతురు. అబద్ధమని తేలినచో నిజముగా సంపాదించిన చదువు సైతము అనుమానమునకు లోనగును.

గనుక మేము చెప్పిన "వద్దు" అను మాట సరియైనదే. అయినను నాయనమ్మ ప్రశ్న అట్లే నిలిచియున్నది.

ప్రియులారా, ఇచ్చట మేము మా తప్పును ఒప్పుకొనవలసియున్నది. మేము "వద్దు" అని చెప్పి ఇంటికి పోయి భోజనము చేసితిమి. ఆ మాట ఖరీదు అంతయు ఆ కౌలురైతు ఇంటి మీద పడినది. సత్యము చెప్పుమని ఉపదేశించుట మా వంతు, సత్యము చెప్పి ఆకలితో ఉండుట ఆమె వంతు అయినది. భారములను కట్టి ఇతరుల భుజముల మీద పెట్టి, తాము వ్రేలితోనైనను ముట్టని బోధకులను గూర్చి ప్రభువు చెప్పిన మాట మత్తయి 23వ అధ్యాయములో నున్నది. దానిని ఇన్నాళ్లు మేము ఇతరులను గూర్చియే చదివితిమి.

ఫ్లారెన్స్ నైటింగేలు పేరు ఎరుగని నర్సు లేదు. 1853లో లండనులోని హార్లీ వీధిలో, రోగులైన స్త్రీలకొరకైన ఒక గృహమునకు ఆమె పై అధికారిణిగా చేరెను. అది ఆమె మొదటి కొలువు. ఆ పనికి జీతము లేదు. ఆమె జీతము లేకుండ ఎట్లు చేసెను? ఆమె తండ్రి సంవత్సరమునకు 500 పౌనులు ఇచ్చుచుండెను. ఇది చెప్పుటలో ఆమె సేవను తగ్గించుట మా ఉద్దేశము కాదు. కాని మన వేదికల మీద "నైటింగేలువలె త్యాగము చేయుడి" అని పల్లె బిడ్డలకు బోధించునప్పుడు, ఆమె వెనుక నొక తండ్రి సంచి ఉండెనని కూడ చెప్పవలెను. మన బిడ్డ వెనుక ఏమున్నది? తాకట్టులోనున్న తల్లి పుస్తెలు, బడికి కట్టిన అప్పు, దాని మీద వడ్డీ. ఆమె సత్యమందు నిలువవలెనన్నచో ఆమె వెనుక ఎవరో ఒకరు నిలువవలెను. సంఘము కాక మరి ఎవరు నిలుతురు?

ఈ ప్రశ్నతో మేము అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయమును చదివితిమి. సౌలు యెరూషలేమునకు వచ్చి శిష్యులతో చేరగోరెను. వారు భయపడిరి, నమ్మలేదు. ఆ దినములలో ఆయనకును మంచి అనుభవ పత్రము లేదు. ఉన్న అనుభవమంతయు సంఘమును హింసించినదే! అప్పుడు బర్నబా ఏమి చేసెను? సౌలు పూర్వ చరిత్రను మార్చి వ్రాయలేదు. "తలుపు తట్టుచుండుము, తెరువబడును" అని చెప్పి తొలగిపోనులేదు. ఆయనను చేయిపట్టి వెంటబెట్టుకొని అపొస్తలులయొద్దకు తీసికొనిపోయెను. త్రోవలో అతడు ప్రభువును చూచిన సంగతి, దమస్కులో ధైర్యముగా బోధించిన సంగతి, ఉన్నది ఉన్నట్లు వివరముగా చెప్పెను. ఆలాగు చెప్పుటలో తన పేరును పణముగా పెట్టెను.

ఈ భాగము మాకు రెండు సంగతులు నేర్పెను. అబద్ధమునకు విరుగుడు మౌనము కాదు, పూర్తి సత్యము. ఇది మొదటిది. ఆ అమ్మాయి 11 చోట్ల తల వంచుకొని "అనుభవం లేదండి" అని చెప్పినది. అది అబద్ధము కాదు గాని పూర్తి సత్యమును కాదు. ఉపాధ్యాయుడైన సహోదరుడు చెప్పినట్లు మూడేండ్ల పని ఆమె చేతులలో నున్నది. ఆయన చెప్పిన సంగతి సరియైనదే, దానికి ఆయన చూపిన త్రోవ మాత్రమే సరికాదు. ఆ పనిని మరియొక ఆసుపత్రి పేరున దొంగవ్రాత వ్రాయుట ఎందుకు? అది జరిగిన చోటనే, జరిగినట్లే వ్రాయరాదా? ఇక రెండవది, మంచి సాక్ష్యము ఒంటరిగా పోదు, దానితో సాక్షియు పోవలెను.

నర్సమ్మగారు రెండు సాయంకాలములు ఆ అమ్మాయిని తమ ఇంట కూర్చుండబెట్టి పరీక్షించిరి. ఏ వార్డులో ఎన్ని నెలలు, ఆపరేషను థియేటరులో ఎన్నాళ్లు, పిల్లల వార్డులో ఎన్నాళ్లు, రాత్రి డ్యూటీలు ఎన్ని, ప్రసవముల పుస్తకములో తాను స్వయముగా చేసినవెన్ని, చూచినవెన్ని, అన్నియు విడివిడిగా ఒక కాగితము మీద వ్రాయించిరి. క్రింద, "ఇంకను నేర్చుకొనవలసినవి" అని మరి నాలుగు పంక్తులు వ్రాయించిరి. "ఇది చూస్తే ఎవరిస్తారమ్మా?" అని అమ్మాయి భయపడినది. "ఇది చూసి ఇచ్చేవాళ్ల దగ్గరే నువ్వు చేరాలి" అని నర్సమ్మగారు బదులు చెప్పిరి. అయ్యగారు ఒక లేఖ వ్రాసిరి. అందులో ఆమె నడతను గూర్చి తామెరిగినది మాత్రమే వ్రాసిరి. ఆమె పనిని గూర్చి వ్రాయలేదు, ఏలయనగా అది వారు చూడలేదు. సిఫారసు లేఖలు వ్రాయు పెద్దలందరు ఈ సంగతిని గమనింపవలెను. ఎరుగని గుణమును పొగడుటయు ఒక విధమైన దొంగ అనుభవ పత్రమే.

ఆ లేఖతోను కాగితముతోను నర్సమ్మగారే ఆమెను తీసికొని బయలుదేరిరి. వెంటనే ద్వారము తెరచుకొనలేదని మీకు నిజము చెప్పవలెను. నాలుగు చోట్లకు పోయిరి. మూడుచోట్ల కాదనిరి. నాలుగవచోట నర్సింగ్ సూపరింటెండెంటుగారు ఆ కాగితములోని క్రింది నాలుగు పంక్తులను ముందు చదివి, "వెంటిలేటరు మీదున్న రోగిని ఒంటరిగా చూడలేదని నువ్వే రాశావా?" అని అడిగిరి. "అవునండి" అన్నది. "అయితే నిన్ను ఐ.సి.యు.లో వేయను. జనరల్ వార్డులో మూడు నెలలు పెద్ద సిస్టరుతో ఉండు" అని చేర్చుకొనిరి. ఆ పట్టణములో హాస్టలు అడ్వాన్సు, జీతము అందువరకు భోజనపు ఖర్చు, కలిపి 9,000 రూపాయలైనది. కోతపండుగ కానుకలోనుండి కొంతయు, స్త్రీల సమాజమువారి పిడికెడు బియ్యపు కానుకలోనుండి కొంతయు ఇచ్చితిమి. అబద్ధమునకు అడిగిన వెల 15,000. సత్యమునకు మేము పెట్టినది 9,000. మొదటి దినముననే మేమీ లెక్క వేసియున్నచో, నాయనమ్మ గుమ్మమునొద్ద నిలిచి అడుగవలసిన అగత్యము లేకపోవును.

ఇది విజయగాథ కాదు. ఆమె జీతము ఇంకను తక్కువే. 2016లో సుప్రీంకోర్టు ఆదేశమును అనుసరించి కేంద్ర ప్రభుత్వము నియమించిన నిపుణుల సంఘము, ఏబది పడకలకు తక్కువగల ప్రైవేటు ఆసుపత్రులలో సైతము నర్సునకు నెలకు 20,000 రూపాయలకు తక్కువ ఇయ్యరాదనియు, 200 పడకలకు మించిన ఆసుపత్రులు ప్రభుత్వ నర్సులతో సమానముగా ఇయ్యవలెననియు సిఫారసు చేసెను. ఆ సిఫారసు అనేకచోట్ల కాగితము మీదనే నిలిచిపోయినది. అబద్ధపు కాగితముతో చేరిన మరియొక బిడ్డ ఇంతకంటె ఎక్కువ జీతము తీసికొనుచు ఉండవచ్చును. ఆమెను మేము తీర్పు తీర్చము. ఆమెకు "వద్దు" అని చెప్పిన సంఘము, చెప్పి ప్రక్కన నిలిచిన సంఘము, ఉండెనో లేదో మేమెరుగము.

ఆసుపత్రులు నడపువారితోను ఒక మాట చెప్పవలెను. మనలోను అట్టివారు కొందరు కలరు. అనుభవము గల నర్సు కావలెననుట తప్పు కాదు. అత్యవసర వార్డులో అది అవసరమే. కాని అందరును పండిన పంటనే కోరి, ఎవరును విత్తనము వేయనియెడల ఈ పంట ఎక్కడనుండి వచ్చును? గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లరుగారు 1898లో ఆసుపత్రి తెరచినప్పుడును, డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్‌గారు 1915లో కుష్ఠరోగుల ఆసుపత్రి స్థాపించినప్పుడును, అనుభవము గల తెలుగు నర్సులు బయట బారులు తీరి నిలిచియుండలేదు. నేర్పుకొనవలసివచ్చినది. కొత్తవారిని చేర్చుకొని ఓర్పుతో నేర్పుట దయ కాదు, మనము తీసికొన్న అప్పును తీర్చుట.

మరియు కొన్నిచోట్ల ఉద్యోగమిచ్చునప్పుడే బిడ్డల అసలు సర్టిఫికెట్లు తీసికొని బీరువాలో పెట్టి, రెండేండ్లు కదలకుండ చేయుదురు. తిరుగలిని గాని దాని పైరాతిని గాని తాకట్టు పట్టరాదని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఏలయనగా అది ఒకని జీవనాధారమునే తాకట్టు పట్టుట. ఈ కాలములో నర్సు బిడ్డకు ఆ సర్టిఫికెట్టే తిరుగలి. అబద్ధపు కాగితము తెచ్చిన బిడ్డను గద్దించుచు, నిజమైన కాగితమును దాచుకొన్న యజమానిని సంఘపు ముందు వరుసలో కూర్చుండబెట్టినచో, మన తూకపురాళ్లు రెండు విధములైనవి.

తుదకు సంఘములవారికి మూడు మనవులు.

మొదటిది: పని దొరకని బిడ్డను సోమరి అనకుడి. మత్తయి 20వ అధ్యాయములోని ద్రాక్షతోట ఉపమానములో సాయంకాలమువరకు వీధిలో నిలిచియున్నవారు సోమరులు కారు. తమ్మును ఎవరును పిలువలేదని వారు చెప్పిన మాటను యజమానుడు నమ్మెను. "ఇంకా ఇంట్లోనే ఉన్నావా?" అని గుడి మెట్ల మీద అడుగు ప్రశ్న ఆ బిడ్డ హృదయములో ముల్లువలె గ్రుచ్చుకొనును. ఆ ముల్లే కొందరిని కాగితములమ్మువాని ఇంటికి తరుమును.

రెండవది: ప్రతి సంఘములోను పనిచేయుచున్న నర్సులు, విశ్రాంతిలోనున్న నర్సులు కలరు. వారి పేర్లు వ్రాసికొనుడి. చదువు ముగించిన ప్రతి బిడ్డను వారిలో ఒకరికి అప్పగింపుడి. పౌలు రోమా సంఘమునకు ఫీబేను సిఫారసు చేసినప్పుడు, ఆమెను చేర్చుకొనుడి అని చెప్పి ఊరకుండలేదు. ఆమెకు కావలసిన ఏ పనిలోనైనను సహాయము చేయుడని కూడ వ్రాసెను. ఏలయనగా ఆమె అంతకుముందు అనేకులకు సహాయురాలైయుండెను. సిఫారసు అనగా సంతకము మాత్రమే కాదు, దాని వెనుక సహాయమును ఉండవలెను.

మూడవది: కోతపండుగ కానుకలో ఒక చిన్న భాగమును, మొదటి కొలువునకు పోవు బిడ్డల బస్సు చార్జీలకు, హాస్టలు అడ్వాన్సుకు ప్రత్యేకింపుడి. ధర్మముగా ఇయ్యకుడి, చేబదులుగా ఇయ్యుడి. తీర్చగలిగిన దినమున వారు మరియొక బిడ్డకొరకు దానిని తిరిగి వేయుదురు.

మొన్న ఆ అమ్మాయి సెలవు మీద వచ్చినప్పుడు, పని ఎట్లున్నదని అడిగితిమి. "కష్టంగానే ఉందండి. రోజూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాను" అని నవ్వినది. ఆమె నాయనమ్మ ప్రక్కనే కూర్చుండి వినుచుండెను. ఈసారి మమ్మును ఏ ప్రశ్నయు అడుగలేదు.

ఇతరులకు "వద్దు" అని చెప్పు ప్రతి చోటను, దాని వెలలో మన వంతును మోయు మనస్సును ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.